సంభాషణతో వచ్చే భాష ఎక్కడ ఆగిపోతుంది

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తికి ఆ చుట్టుపక్కల కొండల్లో నివసించే సవరల భాష నేర్చుకోవాలన్న కోరిక కలిగింది. అందుకు పనికివచ్చే నిఘంటువు గాని వ్యాకరణం గాని అప్పటికి లేవు. ఆ భాషకు లిపి కూడా లేదు. తెలుగుతో చుట్టరికం లేని ముండా కుటుంబపు భాష కావడం వల్ల ఊహించి పట్టుకోగల పదాలూ తక్కువే. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, అతనితో మాట్లాడుతూ, విన్నదాన్ని రాసుకుంటూ, మన్యంలో తిరిగి అక్కడివారి మాటలతో సరిచూసుకుంటూ ఆయన ఆ భాషను వశం చేసుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు, 1931లో వెలువడిన వ్యాకరణం, ఆ తరువాత వచ్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆ శ్రమ ఫలితాలే. మన్యంలో పట్టుకున్న జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదన్నది కూడా ఆ శ్రమ చరిత్రలో భాగమే.

"ఆ ఊళ్ళో ఆరు నెలలు ఉంటే భాష దానంతట అదే వస్తుంది" అని చాలామంది నమ్ముతారు. గిడుగు ఉదాహరణ ఆ నమ్మకాన్ని బలపరుస్తున్నట్టు పైకి కనిపిస్తుంది. కాని ఆయన చేసినవి రెండు వేర్వేరు పనులు. సవరలతో మాట్లాడడం ఒకటి. ఆ మాటను పట్టి ఆపి, అది అలాగే ఎందుకు ఉందో విచారించడం మరొకటి. మొదటిది లేకుండా రెండోది సాధ్యం కాదు. మొదటిది ఎంత ఉన్నా రెండోది దానంతట అది జరగదు. పెద్ద వయసులో మరో భాష నేర్చుకునేవారి అనుభవాలను దాదాపు 50 ఏళ్ళుగా పరిశీలిస్తున్న భాషాశాస్త్రం తేల్చిన ముఖ్య విషయాల్లో ఇదొకటి. సంభాషణ భాషలో చాలా భాగాన్ని నేర్పుతుంది, కొంత భాగాన్ని మాత్రం నేర్పకుండానే దాటవేస్తుంది. ఏ భాగం ఎందుకు మిగిలిపోతుందో తెలిస్తే తప్ప సంభాషణను సాధనంగా వాడుకోవడం కుదరదు.

సంభాషణ తప్ప మరేదీ నేర్పలేని అంశాలు ఉన్నాయనడంలో సందేహం లేదు. పలుకుబడి, వేగం, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎదుటివారి మాటకు ఎప్పుడు అడ్డు రావచ్చు, ఎప్పుడు రాకూడదు అన్నవి పుస్తకంలోంచి రావు. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఆంగ్లేయుడు జె.ఎ. యేట్స్, తాను పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగుకూ జనం నోట వినబడే తెలుగుకూ పొంతన లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. ఆయన అడిగిన ప్రశ్న గిడుగు, గురజాడల వ్యావహారిక భాషోద్యమానికి ఒక ప్రేరణ అయిందన్నది తెలిసిన చరిత్రే. ఆ అంతరం ఇప్పుడు చాలా తగ్గినా పూర్తిగా పోలేదు. పాఠ్యపుస్తకంలో "ఏమి చేస్తున్నారు" అని చదువుకున్న మనిషికి నల్లగొండ బస్టాండులో "ఏం జేస్తున్నరు" అన్నది వినబడితే, తనకు తెలిసిన మాటే అని గుర్తుపట్టడానికి కొంత కాలం పడుతుంది. బయలుదేరి వెళ్ళిపోయే మనిషి "వస్తాను" అని ఎందుకు అంటాడో, భోజనం వేళ కాకపోయినా "తిన్నారా" అని ఎందుకు అడుగుతారో, ఆ ప్రశ్నకు ఎంత పొడుగు జవాబు చెప్పాలో చెప్పే వ్యాకరణం లేదు. ఇవి మనుషుల మధ్య ఉండి నేర్చుకోవలసినవే.

వీటితో పాటు పద సంపద కూడా సంభాషణలో వేగంగా పెరుగుతుంది. మాట వెంటే వస్తువు, మనిషి, సందర్భం ఉంటాయి కాబట్టి ఆ మాట జ్ఞాపకంలో నిలుస్తుంది. కూరగాయల బండి దగ్గర విన్న "గోరుచిక్కుడు" అన్న పేరు, పట్టికలో చదివిన పేరు కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.

సంభాషణ వల్ల భాష ఎలా వస్తుందన్న దానిపై భాషాశాస్త్రవేత్తల్లో మూడు వాదాలు వచ్చాయి. అర్థమయ్యే భాష తగినంత చెవిన పడితే చాలు, మిగతాదంతా మెదడు చూసుకుంటుందని స్టీఫెన్ క్రాషెన్ వాదించారు. మైకేల్ లాంగ్ 1980ల మొదట్లో మరో అంశాన్ని ముందుకు తెచ్చారు. సంభాషణ సాఫీగా సాగినప్పుడు కన్నా అది తడబడి, ఇద్దరూ కలిసి దాన్ని సరిచేసుకున్నప్పుడే నేర్చుకోవడం జరుగుతుందని ఆయన అభిప్రాయం. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో ఏళ్ళ తరబడి చదివిన ఇంగ్లీషు పిల్లలు విన్నదాన్ని బాగా అర్థం చేసుకుంటున్నా మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు వ్యాకరణంలో తప్పులు చేస్తూనే ఉండడం గమనించిన మెరిల్ స్వెయిన్, వినడం ఒక్కటే చాలదని, తన భావాన్ని కచ్చితంగా చెప్పి తీరవలసిన ఒత్తిడి కావాలని 1985లో ప్రతిపాదించారు. ఈ మూడింటిలో లాంగ్, స్వెయిన్‌ల మాటలకే నిత్యజీవితం నుంచి ఎక్కువ సాక్ష్యం దొరుకుతుంది.

తెలుగు నేర్చుకుంటున్న ఒక హిందీ మనిషిని ఊహించుకుంటే ఇది స్పష్టమవుతుంది. హిందీలో "హమ్" ఒక్కటే. తెలుగులో "మేము" వేరు, "మనం" వేరు. అతను తన పక్కింటాయనతో "రేపు మనం తిరుపతి వెళ్తున్నాం" అంటే పక్కింటాయన తనను కూడా పిలుస్తున్నాడనుకుని, "అయ్యో, రేపు నాకు కుదరదండీ" అంటాడు. ఆ జవాబుతోనే తప్పు బయటపడుతుంది. అర్థం తారుమారు అయింది కాబట్టి ఇద్దరూ ఆగి సరిచేసుకుంటారు, ఆ తేడా ఇక మరిచిపోవడం కష్టం. పెద్దాయన్ని "నువ్వు" అన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించే మార్పు కూడా ఇలాంటి పాఠమే. పొరపాటుకు వెంటనే ఫలితం ఉన్న చోట సంభాషణను మించిన గురువు లేదు.

ఇప్పుడు అదే మనిషి "నేను నిన్న వచ్చింది" అన్నాడనుకుందాం. హైదరాబాదులో కొత్తగా తెలుగు మాట్లాడేవారి నోట ఇలాంటి వాక్యాలు తరచు వినబడతాయి. వినేవారికి ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. వచ్చింది ఎవరో "నేను" చెప్పింది, ఎప్పుడో "నిన్న" చెప్పింది. క్రియ చివర "ఆను" రాకపోయినా సమాచారం ఏమీ తగ్గలేదు. అందుకే ఎదుటివారు "అవునా, ఎన్నింటికి వచ్చారు" అని మాట ముందుకు తీసుకువెళ్తారు. తెలుగు క్రియ మోసే పురుష, వచన, లింగ భేదాలు చాలా సందర్భాల్లో వాక్యంలో మరోచోట అప్పటికే చెప్పిన విషయాన్ని మళ్ళీ చెబుతాయి. రెండోసారి చెప్పే ఆ భాగం తప్పినా అర్థానికి లోటు రాదు కాబట్టి, అర్థం కోసమే సాగే సంభాషణ దాన్ని ఎప్పటికీ ఎత్తిచూపదు. తప్పు పది మంది ముందు పదిసార్లు దొర్లినా, పదిసార్లూ పని జరిగిపోతుంది. పని జరిగిపోయిన ప్రతిసారీ ఆ తప్పు మరింత గట్టిపడుతుంది.

ఈ స్థితికి భాషాశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. జపాన్ నుంచి హవాయి వచ్చి స్థిరపడిన ఒక చిత్రకారుడిని, పరిశోధన కోసం వెస్ అని పేరు మార్చి, రిచర్డ్ ష్మిట్ మూడేళ్ళ పాటు పరిశీలించి 1983లో ఆ ఫలితాలను ప్రచురించారు. వెస్ ఇంగ్లీషును తరగతి గదిలో నేర్చుకోలేదు. కలుపుగోలు మనిషి, స్నేహితులు ఎక్కువ, రోజంతా ఇంగ్లీషు మాట్లాడేవారి మధ్యే గడిపేవాడు. మూడేళ్ళలో అతను హాయిగా కబుర్లు చెప్పగలిగాడు, వ్యాపార వ్యవహారాలు చూసుకోగలిగాడు, హాస్యమాడగలిగాడు. బహువచన ప్రత్యయాలు, భూతకాల రూపాలు వంటి వ్యాకరణాంశాల్లో మాత్రం చెప్పుకోదగ్గ ప్రగతి కనబడలేదు. మనుషులతో కలవాలన్న ఆసక్తి, అవకాశం, కాలం అన్నీ ఉన్నా ఆ భాగం ముందుకు జరగలేదు. సంభాషణే సర్వస్వమన్న వాదానికి ఇంతకన్నా గట్టి సవాలు దొరకడం కష్టం.

వెస్ ఒక్కడి సంగతే అయితే స్వభావానికి ముడిపెట్టి ఊరుకోవచ్చు. కాని 1980లలో ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, నెదర్లాండ్స్, స్వీడన్ దేశాలకు వలస వచ్చిన శ్రామికుల భాషను ఏళ్ళ తరబడి నమోదు చేసిన ఒక పెద్ద పరిశోధనలోనూ ఇలాంటి చిత్రమే కనిపించింది. వోల్ఫ్‌గాంగ్ క్లైన్, క్లైవ్ పెర్డ్యూ 1997లో వివరించిన ప్రకారం, పనిలోనూ వీధిలోనూ భాష నేర్చుకున్న పెద్దవాళ్ళు, వారి మాతృభాష ఏదైనా, నేర్చుకుంటున్న భాష ఏదైనా, ఒకే రకమైన సరళ రూపానికి చేరుకున్నారు. పదాలు ఉంటాయి, వాటిని పేర్చే క్రమం ఉంటుంది, క్రియకు మాత్రం మార్పు చెందే రూపాలు ఉండవు. చాలామంది ఆ దశను దాటి ముందుకు వెళ్ళారు, సుమారు మూడో వంతు మంది అక్కడే ఆగిపోయారు. ఆ సరళ రూపం లోపభూయిష్టమైన భాష అనడం సరికాదని ఆ పరిశోధకులే నొక్కి చెప్పారు. నిత్యావసరాలకు అది చక్కగా సరిపోతుంది. సరిపోవడం వల్లనే చాలామంది అక్కడ ఆగిపోతారని అనుకోవచ్చు.

మాతృభాషగా మాట్లాడేవారు తప్పు దిద్దవచ్చు కదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. దిద్దరు. మర్యాద అడ్డు వస్తుంది. తెలుగు వచ్చీరాక మాట్లాడుతున్న కొత్త మనిషికి మనవాళ్ళు ఇచ్చే తొలి జవాబు "మీ తెలుగు చాలా బాగుందండీ" అన్న మెచ్చుకోలే. అది మనసులోంచి వచ్చే మాటే, ప్రోత్సాహం కూడా. కాని అందులో సమాచారం లేదు. కొందరు తెలియకుండానే మరో విధంగా దిద్దుతారు. "నేను నిన్న వచ్చింది" అన్నదానికి "ఓహో, నిన్న వచ్చారా" అని సరైన రూపాన్ని తమ జవాబులో కలిపి అంటారు. నేర్చుకునేవారికి ఇది దిద్దుబాటుగా వినబడదు, కబురులో తరువాతి మాటగానే వినబడుతుంది. పైగా "వచ్చింది"కి బదులు తాను అనవలసినది "వచ్చాను", చెవిన పడింది "వచ్చారు". మాంట్రియల్ ప్రాంతంలోని ఫ్రెంచి తరగతులను పరిశీలించిన రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో తేల్చినది కూడా ఇదే. ఉపాధ్యాయులు ఎక్కువగా వాడేది ఈ రకమైన సున్నితమైన దిద్దుబాటే. పిల్లలు అతి తక్కువగా పట్టించుకునేదీ దాన్నే. తరగతి గదిలోనే పరిస్థితి ఇలా ఉంటే కిరాణా కొట్టు దగ్గర వేరుగా ఉంటుందని ఆశించలేం.

ఇంతవరకూ చెప్పినది ఇద్దరూ సమానులై, ఇద్దరికీ మాట్లాడుకోవాలన్న కోరిక ఉన్నప్పటి సంగతి. నిజజీవితంలో ఆ సమానత్వం అరుదు. గల్ఫ్ దేశాలలో మనవాళ్ళ అరబ్బీ ఇందుకు సాక్ష్యం. 1970లలో చమురు ధరలు పెరిగిన తరువాత ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి, కడప, గోదావరి ప్రాంతాల నుంచి లక్షల మంది అక్కడికి వెళ్ళారు. ఏళ్ళ తరబడి అరబ్బీ మాతృభాషగా ఉన్నవారి దగ్గర పనిచేశారు, రోజూ వారితో మాట్లాడారు. అయినా చాలామందికి వచ్చినది భాషాశాస్త్రవేత్తలు గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అని పిలిచే పొట్టి భాష. అందులో క్రియకు దాదాపు ఒకే రూపం ఉంటుంది, అది చేసినవారు ఎవరైనా మారదు. ఉందనడానికి "ఫీ", లేదనడానికి, కాదనడానికి "మాఫీ" చాలు. తనకు తెలియదని చెప్పడానికి కువైటీ తన ఇంటివారితో "మా అద్రీ" అంటాడు. పనివాడి భాషలో అది "అనా మాఫీ మాలూమ్" అవుతుంది.

ఈ పొట్టి భాషను పనివాళ్ళ అసమర్థతగా చూడడం అన్యాయం. దాన్ని యజమానులు కూడా మాట్లాడతారు. విదేశీ శ్రామికుడు ఎదురుపడగానే అరబ్బు తన భాషను విరిచి, పొట్టి చేసి, అదే రూపంలో పలుకుతాడు. అంటే శ్రామికుడి చెవిన పడే అరబ్బీ మొదటి రోజు నుంచీ అరకొరదే. వినని భాషను నేర్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఆ సంభాషణలో అతనికి అప్పగించిన పాత్ర ఆజ్ఞలు విని "సరే" అనడం. తన ఊరి సంగతులు చెప్పే అవకాశం, అభిప్రాయం చెప్పే అవకాశం, "అలా కాదు" అని వాదించే అవకాశం ఆ పాత్రలో లేవు. అక్కడ స్థిరనివాసం దొరకదని, ఎన్నేళ్ళున్నా తిరిగి రావలసిందేనని మొదటి రోజే తెలిసిన మనిషిని అంతకు మించి నేర్చుకోలేదని తప్పుపట్టడానికి వీల్లేదు. కెనడాకు వలస వచ్చిన ఐదుగురు మహిళల అనుభవాలను 1990లలో విశ్లేషించిన బానీ నార్టన్ కూడా ఈ విషయమే ఎత్తిచూపారు. చుట్టూ ఆ భాష మాట్లాడేవారు ఉన్నంత మాత్రాన వారితో మాట్లాడే అవకాశం ఉన్నట్టు కాదు, ఆ అవకాశాన్ని ఇచ్చేదీ ఆపేదీ వారే.

హైదరాబాదులో ఇదే సమస్య మరో రూపంలో ఉంది, ఇక్కడ అవకాశాన్ని ఆపుతున్నది మనమే. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి భవన నిర్మాణంలో, హోటళ్ళలో పనిచేస్తున్నవారు తెలుగులో రెండు మాటలు కూడగట్టుకుని మొదలుపెట్టేలోపే ఎదుటివారు హిందీలోకి మారిపోతారు. ఐటీ కంపెనీలో చేరిన తమిళ, బెంగాలీ ఉద్యోగులకైతే ఇంగ్లీషులో జవాబు వస్తుంది. ఇందులో దురుద్దేశం లేదు. పని త్వరగా అవుతుందన్న తొందర, కష్టపడుతున్న మనిషికి సాయం చేయాలన్న మంచితనం మాత్రమే ఉన్నాయి. కాని ఫలితం ఒక్కటే. పదేళ్ళుగా ఈ నగరంలో ఉన్నా తెలుగు రాలేదని తరువాత వారినే ఆక్షేపించడంలో న్యాయం లేదు. నేర్చుకునేవారికి కావలసింది తడబడుతూ వాక్యం పూర్తి చేయడానికి కాస్త సమయం. ఆ సమయం ఇవ్వగలిగినది వినేవారు ఒక్కరే.

సంభాషణతోనే దాదాపు సంపూర్ణంగా భాష నేర్చుకున్నవారు లేరా అంటే ఉన్నారు, అరుదుగా. 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో జూలీ అన్న మారుపేరుతో వివరించిన బ్రిటిష్ మహిళ 21 ఏళ్ళ వయసులో పెళ్ళి చేసుకుని కైరో వెళ్ళింది. వెళ్ళిన కొద్ది రోజులకే భర్తను సైన్యంలోకి పిలిచారు. ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియని అత్తవారింట్లో ఆమె 45 రోజులు ఒంటరిగా ఉండవలసి వచ్చింది. అరబ్బీ పాఠాలు ఆమె ఎన్నడూ చెప్పించుకోలేదు. పాతికేళ్ళ తరువాత ఆమె మాటను రికార్డు చేసి అరబ్బీ ఉపాధ్యాయులకు వినిపిస్తే, వారిలో ఎక్కువమంది ఆమె ఈజిప్టు మనిషే అనుకున్నారు. ఈ కథను సంభాషణ విజయంగా మాత్రమే చెప్పేవారు మరో సగాన్ని వదిలేస్తుంటారు. జూలీ వృత్తిరీత్యా ఇంగ్లీషు టీచరు. తాను విన్న మాటలను, క్రియా రూపాలను మొదటి నుంచీ నోటుబుక్కులో రాసుకునేది, ఎవరైనా తప్పు దిద్దితే సంతోషించేది. అలా నేర్చుకున్నా అరబ్బీ చదవడం, రాయడం మాత్రం ఆమెకు రాలేదు. మాట్లాడే భాషకూ రాసే భాషకూ మధ్య దూరం ఎక్కువగా ఉన్న చోట చదువును విడిగా నేర్చుకోవలసిందేనని ఆమె ఉదాహరణే చెబుతోంది.

వెస్‌ను పరిశీలించిన ష్మిట్ తానే బ్రెజిల్‌లో ఐదు నెలలు ఉండి పోర్చుగీసు నేర్చుకుంటూ దినచర్య రాసుకున్నారు, తన సంభాషణలను రికార్డు చేయించుకున్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, చుట్టూ వినబడుతున్నవాటిలో తాను ప్రత్యేకంగా గమనించి దినచర్యలో రాసుకున్న రూపాలే తన నోట ఎక్కువగా వచ్చాయని తేలింది. గమనించని రూపాలు ఎన్నిసార్లు వినబడినా పక్కనుంచి వెళ్ళిపోయాయి. గమనింపు లేనిదే నేర్పు లేదన్న ఆయన ప్రతిపాదనకు మూలం ఇదే. దానిపై వాదోపవాదాలు ఇంకా సాగుతున్నా, జూలీ నోటుబుక్కూ సవర మాటలను కాగితం మీద పెట్టిన గిడుగు పద్ధతీ చూస్తే ఆ మాటలో చాలా నిజం ఉందనిపిస్తుంది. గమనించడానికి ముందే కొంత తెలిసి ఉండడం కూడా సాయపడుతుంది. తెలుగు క్రియ కర్తను బట్టి మారుతుందని పుస్తకంలో ఒకసారి చదివిన మనిషికి, మర్నాడు బస్సులో వినబడే "వచ్చాను", "వచ్చాడు", "వచ్చారు" వేర్వేరు మాటలుగా చెవిన పడతాయి. చదవని మనిషికి అవన్నీ ఒకే శబ్దం. వ్యాకరణం చదవడాన్ని, మనుషులతో మాట్లాడడాన్ని ఒకదానికొకటి పోటీగా నిలబెట్టే చర్చలో పస లేకపోవడానికి కారణం ఇదే.

చివరగా ఎలాంటి సంభాషణ అన్నది కూడా ముఖ్యమే. ఆటో బేరం, టిఫిన్ ఆర్డరు, అద్దె మాటలు కొద్ది వాక్యాలతో గడిచిపోతాయి. వాటిని వెయ్యిసార్లు మాట్లాడినా అవే వాక్యాలు తిరిగి వస్తాయి. జరిగిన సంగతి ఒకటి మొదటి నుంచి చివరి దాకా చెప్పవలసి వచ్చినప్పుడే భూతకాలం కావాలి. ఎవరు ఏమన్నారో చెప్పడానికి "అని" కావాలి. "వస్తే", "వచ్చినా", "వచ్చేలోపల" వంటి రూపాలతో ఒక సంగతిని మరో సంగతికి ముడిపెట్టాలి. ఇలాంటి చోట్ల వ్యాకరణం లేకపోతే అర్థమే చెదిరిపోతుంది, వినేవారు ఆపి అడుగుతారు, చెప్పేవారు మళ్ళీ చెప్పవలసి వస్తుంది. కొత్త భాష మాట్లాడే మనిషిని ధర, దారి అడగనివ్వడంతో సరిపెట్టకుండా వాళ్ళ ఊరి పండుగ గురించో, వాళ్ళమ్మ చేసే వంట గురించో, పనిలో నిన్న వచ్చిన తగాదా గురించో చెప్పనిచ్చే ఇరుగుపొరుగువారు దొరికితే, "మేము", "మనం" తేడా ఎంత సులువుగా పట్టుబడిందో "వచ్చాను", "వచ్చింది" తేడా కూడా అంత సులువుగా పట్టుబడే అవకాశం ఉంది. కథలో ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో తెలియకపోతే వినేవారు ఊరుకోరు.